హర్షిణి చదివిన మాటలు

హర్షిణికి చెవులు వినపడవన్న సంగతి ఆ గల్లీలో అందరికీ తెలుసు. అందుకే ఆ పిల్ల ముందు ఎవరూ గొంతు తగ్గించి మాట్లాడేవారు కారు. ఇంటి గుట్టయినా, పక్కింటి మీద చాడీ అయినా, ఆమె ఎదురుగానే కూర్చొని, ఆమె మీదుగా మాట్లాడుకునేవారు. తల్లి బాలలక్ష్మి కూడా అంతే. అందులో తప్పుందని ఆమెకు ఎన్నడూ తోచలేదు.

సిద్దిపేటలో నేతపనివాళ్ల ఇండ్లు ఎక్కువున్న గల్లీ అది. రెండు గదుల రేకుల ఇంట్లో బాలలక్ష్మి పొద్దంతా బీడీలు చుడుతుంది. భర్త గజేందర్ మహారాష్ట్రలోని భివండీలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేస్తాడు. నాలుగైదు నెలలకోసారి వచ్చి వారం ఉండి పోతాడు. హర్షిణి ఒక్కతే బిడ్డ.

ఎనిమిదేండ్ల కింద, ఆరేండ్ల వయసులో, ఆ పిల్లకు జ్వరం వచ్చి మెదడుకెక్కింది. హైదరాబాదు పెద్ద దవాఖానలో ఇరవై రోజులుంచి ప్రాణం నిలబెట్టారు గాని చెవులు దక్కలేదు. చెవి మిషన్లు పెట్టి చూశారు. లాభం లేదన్నారు. ఇంటికి తెచ్చాక బాలలక్ష్మి చేసిన మొదటి పని పలక కొనడం. తాను చదివింది ఏడో తరగతే. ఒళ్లో చాట, చాటలో తునికాకు, పక్కన పలక. నాలుగు బీడీలు చుట్టి ఒక మాట రాసేది. ‘ఉప్పు’ అని రాసి కాసింత ఉప్పు నాలుక మీద పెట్టేది. ‘వాన’ అని రాసి వాకిట్లోకి తీసుకుపోయి ఇద్దరూ తడిసేవారు. రెండేండ్లలో పిల్ల ఏది రాసినా చదివేటంతయింది. ఆ తర్వాత బడికి పంపింది. బోర్డు మీది రాత నోటుబుక్కులోకి ఎక్కించుకుంటూ, టీచర్ల పెదవులు చూసి సగం అర్థం చేసుకుంటూ హర్షిణి తొమ్మిదో తరగతి దాకా వచ్చింది.

మాట పూర్తిగా పోలేదు. ఆరేండ్ల దాకా విన్నది కాబట్టి మాట్లాడగలదు. కాని తన గొంతు తనకు వినపడదు కదా, ఒకసారి అరిచినట్లు, ఒకసారి గొణిగినట్లు వచ్చేది. పిల్లలు నవ్వుతారని ఇంట్లో తప్ప నోరు విప్పేది కాదు.

ఆ ఏడు బడికి ట్యాబులు వచ్చాయి. బెంచికొకటి ఇచ్చి పాఠాలు చూపిస్తున్నారని హర్షిణి చెప్పినప్పుడు బాలలక్ష్మి పెద్దగా పట్టించుకోలేదు. మాఘమాసంలో ఒక శనివారం సాయంత్రం, పిల్ల ఆ ట్యాబును చున్నీలో చుట్టి, సంచిలో పెట్టుకొని ఇంటికి తెచ్చేసరికి మాత్రం చాట దించి లేచింది.

“గిదెందుకు తెచ్చినవ్ బిడ్డా? పడి పలిగితే ఎట్ల?” పెదవులు విడదీసి, చేతులు తిప్పి అడిగింది.

“ఎస్తేర్ మేడం ఇచ్చింది. సంతకం పెట్టి ఇచ్చింది. సోమారం దాక,” అంది హర్షిణి. ఎందుకని అడిగితే చెప్పలేదు. ముసిముసిగా నవ్వింది.

అప్పుడు గజేందర్ ఇంట్లోనే ఉన్నాడు. సాంచాలు మరమ్మతుకు బంద్ పెట్టారని వచ్చాడు. మర్నాడు ఆదివారం కోడికూర తెచ్చాడు. మధ్యాహ్నం ముగ్గురూ తినడానికి కూర్చోబోతుంటే హర్షిణి అడ్డం వచ్చింది. ట్యాబు పట్టుకొని గది నాలుగు మూలలా తిరిగి, సిగ్నల్ బాగున్న గడప దగ్గరికి వచ్చి, “గీడ కూసోండ్రి, గీడ,” అని ఇద్దరినీ చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టింది. తన కంచం ముందు మంచినీళ్ల చెంబుకు ట్యాబును ఆనించి పెట్టుకుంది.

“తినేటప్పుడు గూడ సదువేనా?” అన్నాడు గజేందర్.

హర్షిణి తెర చూసి ఫక్కున నవ్వింది.

“కూరల కారం జరెక్కువైంది,” అన్నాడు అతను.

“భివండీల సప్పటి తిండి తిని తిని నీ నాలుక సచ్చింది. కారం ఎక్కువ గాలే.”

హర్షిణి మళ్లీ నవ్వింది. నోట్లో అన్నం ఉందని ఎడమచేయి అడ్డం పెట్టుకొని, భుజాలు కదిలేలా నవ్వింది. ఒకసారి తెరవైపు, ఒకసారి వాళ్ల ముఖాలవైపు చూస్తోంది. కండ్లు మెరుస్తున్నాయి. ఏదో బొమ్మల పాఠం పెట్టుకుందనుకుంది బాలలక్ష్మి. పిల్ల ఇంత సంబరంగా అన్నం తిని ఎన్నాళ్లయిందో అనుకుని ఇంకో ముక్క వేసింది.

గజేందర్ బిడ్డను చూస్తూ చేయి ఆపాడు. “మొన్న గా మేడం ఫోన్ల చెప్పింది. లెక్కలల్ల క్లాసు మొత్తంల ఫస్టంట. చెవులే ఉంటే ఏడికో పోతుండె పోరి. మనం ఎవలకేం అన్యాయం చేసినమని మన పిల్లకే గిట్లయింది?”

ఈ మాట అతను ఎన్నోసార్లు అన్నాడు. అన్నప్పుడల్లా బాలలక్ష్మి ‘రాత’ అని ఊరుకునేది. కాని ఆ పొద్దున చెల్లెలు వినీత పెండ్లిరోజని తన పెండ్లినాటి ఫొటో ఫోన్‌లో పంపింది. అందరూ పందిట్లో నవ్వుతున్నారు. ఫొటో చివర, రెండు కుర్చీలు కలిపి వేసిన చోట, శాలువా కప్పుకొని ఆరేండ్ల హర్షిణి పండుకొని ఉంది. ఆ ఫొటోను బాలలక్ష్మి పొద్దటి నుంచి నాలుగుసార్లు తెరిచి చూసింది.

“రాత గాదు,” అంది. “నేనే.”

“ఏందే?”

“వినీత పెండ్లిల పసుపునాడే పిల్లకు జరమొచ్చింది. ఒళ్లు పెంకోలె కాలుతుంది.”

“నాకు చెప్పలే గదా! నేనొచ్చేసరికి నిద్రపోయిందన్నవ్.”

“అవ్. అట్లనే చెప్పిన. నీకు చెప్తే దవాఖాన అంటవ్. మా బాపు లేడాయె. పీటల మీద కూసొని కన్యాదానం చేసేది మనమే. పెండ్లి ఆగమైతదని భయపడ్డ. అవ్వ డబ్బాల జరం గోలీ ఉంటే సగం ఇరిసి ఏసిన.” ఆమెకు ఇక మాట ఆగలేదు. “తెల్లారి నా కొంగు వట్టుకొని, అమ్మా, చెవుల్ల గుయ్యిమంటుంది, మెడ తిరుగుత లేదు అన్నది. నేనేమన్ననో ఎరుకేనా? చుప్ పండుకో, అప్పగింతలైనంక పోదాం అన్న. రెండు రోజులు పండవెట్టిన. హైదరాబాద్‌ల డాక్టరు నన్నొక్కదాన్నే పిలిచి చెప్పిండు, రెండు రోజులు ముందు తెస్తే చెవులు దక్కేటియేమో అని. నీకు చెప్పలే. ఎవలకు చెప్పలే.”

గజేందర్ అరవలేదు. కంచంలో చేయి అట్లాగే ఉండిపోయింది. “ఎనిమిదేండ్లు నా పక్కపొంటి ఉండుకుంట ఎట్ల దాసినవే?” అన్నాడు.

అప్పుడిద్దరూ బిడ్డవైపు చూశారు. హర్షిణి తెర చూస్తోంది. నవ్వడం లేదు. బాలలక్ష్మి గబగబా కొంగుతో ముఖం తుడుచుకొని, నవ్వు తెచ్చుకొని, చేయి ఊపింది. “ఏం లేదు బిడ్డా, తిను.”

హర్షిణి తల్లి ముఖం చూసింది. మళ్లీ తెర చూసింది. కంచం పక్కకు జరిపి, లేచి చేయి కడుక్కుంది. “కడుపు నొస్తుంది,” అని లోపలి గదిలోకి పోయి చాప మీద పండుకుంది. ట్యాబును మాత్రం చున్నీలో చుట్టి జాగ్రత్తగా సంచిలో పెట్టింది.

మూడోరోజు గజేందర్ భివండీకి బయలుదేరాడు. ఆ మూడు రోజులూ అవసరానికి తప్ప మాట్లాడలేదు. గడప దిగుతూ అన్నాడు: “అయిందేదో అయింది. పిల్లకు మాత్రం ఎన్నడు చెప్పకు. దాని పానం ఆగది.”

ఆ తర్వాత పిల్ల మారిపోయింది. వెనకట బడి నుంచి వస్తూనే సంచి విసిరేసి, బీడీలు చుట్టే తల్లి వీపుకు వీపు ఆనించి కూర్చొని హోంవర్క్ చేసుకునేది. ఇప్పుడు లోపలి గదిలో గోడకు ఆనుకుంటోంది. తల్లి కాగితం మీద ఏదైనా రాసిస్తే చదివి తల ఊపుతుంది. నోరు తెరవదు. పెద్దమనిషవుతున్న పిల్ల, ఏవో చిరాకులుంటాయనుకుంది బాలలక్ష్మి. బడిలో ఎవరైనా ఏమైనా అన్నారేమోనని బెంచి దోస్తు సింధూజను ఆపి అడిగింది.

“ఏం గాలే పెద్దమ్మా. బడిల మంచిగనే ఉంటుంది,” అంది సింధూజ.

మంచిగ ఉంటే ఇంట్లో ఎందుకుండదు? చుట్టిన బీడీకి దారం కట్టడం మరిచి, రెండు మూడుసార్లు అట్లాగే గంపలో వేసి మళ్లీ తీసింది.

పదిహేను రోజులకు బడిలో తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. బాలలక్ష్మి ఉతికిన చీర కట్టుకొని పోయింది. క్లాసు గదిలో ముందు బెంచి మీద హర్షిణి కూర్చొని ఉంది. లెక్కలు చెప్పే ఎస్తేర్ మేడం ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

“రండి బాలలక్ష్మిగారు, మీ కోసమే చూస్తున్న. మీ బిడ్డ ఎట్ల చదువుతుందో చూపిస్త, రండి.”

హర్షిణి చటుక్కున లేచింది. “వద్దు మేడం,” అంది. ఆమె గొంతు గదంతా వినపడింది. సిగ్గుపడుతోందనుకుని మేడం నవ్వి, బీరువాలోంచి ట్యాబు తీసి తెరమీద మైకు గుర్తును నొక్కింది. “హర్షిణి వాళ్ల అమ్మగారు వచ్చారు,” అంది దానివైపు తిరిగి.

తెర మీద అక్షరాలు పడ్డాయి. ఒకదాని వెనక ఒకటి, ఎవరో లోపల కూర్చొని రాస్తున్నట్లు. హర్షిణి వాళ్ల అమ్మగారు వచ్చారు.

బాలలక్ష్మి కూడబలుక్కొని చదివింది. మళ్లీ చదివింది. “మాట్లాడితే రాస్తదా?” అంది. ఆ మాట కూడా తెర మీదికి వచ్చింది. ఆమెకు మొదట కలిగింది సంతోషమే. తాను పలక మీద బలపంతో రెండేండ్లు చేసిన పని, ఇది రెప్పపాటులో చేస్తోంది.

“ట్యాబులు వచ్చిన కొత్తల ఈ పిల్ల మస్తు బాధపడ్డది,” మేడం చెప్పుకుపోతోంది. “అందరు వీడియో పాఠాలు వింటుంటే తను ఆ కదిలే నోర్లు చూసుకుంట కూసునేది. నాకే చూడబుద్ధి కాలేదు. వెతికితే ఈ మైకు సంగతి తెలిసింది. ఇప్పుడు నేను చెప్పిన పాఠం చెప్పినట్టు చదువుతది. ఒక్కోసారి తప్పులు రాస్తది. ఒకనాడు నేను ‘గాడ కూసో’ అంటే ‘గాడిద కూసో’ అని రాసింది. అందరికంటె ముందు మీ హర్షిణే నవ్వింది.”

“ఎప్పటిసంది మేడం?”

“దసరా సెలవులైనప్పటిసంది. మీకు చెప్పలేదా?” మేడం ఆశ్చర్యపోయింది. “‘ఇంట్ల అందరు నవ్వుతరు మేడం, ఎందుకో నాకు తెల్వది, బాపు వచ్చిండు, ఒక్కసారి తీస్కపోత’ అన్నది. అందుకే గా శనివారం సంతకం పెట్టి ఇంటికి పంపిన. మీకు చూపించి సంబరపడలే?”

ఈ మాటలన్నీ తెర మీద పడుతూనే ఉన్నాయి. బాలలక్ష్మి వాటిని చదవలేదు. ఆమె కండ్ల ముందు గడప దగ్గరి మూడు కంచాలు, చెంబుకు ఆనించిన ట్యాబు కనపడ్డాయి. కారం ఎక్కువైందన్నప్పుడు పిల్ల నవ్విన నవ్వు. ఆ తర్వాత నవ్వకపోవడం. బెంచి అంచు పట్టుకుంది. తలెత్తి చూస్తే హర్షిణి తల వంచుకొని నిలబడి ఉంది.

మేడంకు సంగతి తెలియదు గాని, ఏదో జరిగిందని అర్థమైంది. ఇద్దరినీ వరండాలోకి పంపి, ట్యాబు హర్షిణి చేతికిచ్చింది. “మాట్లాడుకోండి. తొందరేం లేదు.”

వరండాలో సిమెంటు అరుగు మీద కూర్చున్నారు. మధ్యలో ట్యాబు. మైకు నడుస్తూనే ఉంది. మైదానంలో పిల్లలు ఆడుకుంటున్నారు. వాళ్ల కేకల్లోంచి తుంపులు తుంపులుగా మాటలు తెర మీదికి వస్తున్నాయి. పట్టు పట్టు. సార్ వస్తుండు. నాది నాది. బాలలక్ష్మి నోరు తెరిచింది. ఎవరెవరి మాటలో పడుతున్న ఆ తెర మీద ఆమెది ఒక్కటి కూడా పడలేదు.

చివరికి హర్షిణే మాట్లాడింది.

“నాకు జర యాదికుండె. చెవుల్ల మోత యాదికుండె. కల అనుకున్న.”

బాలలక్ష్మి బిడ్డ చేయి పట్టుకోబోయింది. హర్షిణి చేయి వెనక్కి తీసుకుంది.

“పెండ్లి సంగతి గాదు. నా ముందల కూసొని చెప్పినవ్. బాపుకు చెప్పినవ్. నాకు చెప్పలే.” గొంతు పెరిగిపోయింది. మైదానంలో పిల్లలు ఆట ఆపి చూస్తున్నారు. ఆమెకు అది తెలియదు. “నేను గోడనా అమ్మా? గోడ ముందల చెప్పినట్టు చెప్పినవ్. చెప్పి నవ్వినవ్. ఏం లేదు తిను అన్నవ్. గదిగూడ వచ్చింది అండ్ల. నేను చదివిన.”

గంట కొట్టారు. పిల్లలు క్లాసులవైపు పరుగెత్తడం చూసి హర్షిణి లేచింది. కండ్లు తుడుచుకొని, ట్యాబు తీసుకొని లోపలికి పోయింది.

కొంతసేపటికి బాలలక్ష్మి పోదామని లేచి కిటికీ పక్క నుంచి నడుస్తుంటే లోపల పిల్లలందరూ గొల్లున నవ్వారు. ఆగి చూసింది. ఎస్తేర్ మేడం ఏదో అని తానూ నవ్వుతోంది. హర్షిణి తెర చదివింది. అందరికన్నా ఒక్క క్షణం ఆలస్యంగా, సింధూజ భుజం మీద చేయి వేసి, నవ్వింది. ఆ నవ్వు ఇంట్లో చూసి పదిహేను రోజులు దాటింది. బాలలక్ష్మి కిటికీ ఊచ వదిలి ఇంటికి నడిచింది.

ఆ రోజే భివండీకి ఫోన్ చేసి, “పిల్లకు ఎరుకైంది,” అని జరిగిందంతా చెప్పింది. అవతల సాంచాల చప్పుడు వినపడుతోంది. “నేను గూడ దాని ముందలనే అన్న గదనే ఎన్నో మాటలు. ఎనిమిదేండ్లసంది,” అన్నాడు గజేందర్. అతను ఏడ్వడం ఆమె మొదటిసారి విన్నది.

పరీక్షలయ్యాయి. ఎండాకాలం సెలవులకు ట్యాబులు బీరువాలో పెట్టి తాళం వేశారు. బాలలక్ష్మి ఎస్తేర్ మేడం ఇంటికి పోయి తన ఫోన్ ముందు పెట్టింది. “నాకు గూడ గా మైకు పెట్టియ్యండి మేడం.” మేడం ఏమీ అడగకుండా పెట్టిచ్చి, ఎట్లా నొక్కాలో నాలుగుసార్లు చూపించింది.

మొదట్లో చిన్న చిన్న మాటలకే వాడింది. కరెంటు పోయింది. పక్కింటి అంజవ్వ మామిడికాయలు ఇచ్చింది. నీళ్లు రెండు రోజుల దాక రావంట. హర్షిణి కొన్ని చదివేది. కొన్నిసార్లు చూడకుండానే ఫోన్ తిరిగి ఇచ్చేసేది. అప్పుడు బాలలక్ష్మి బీడీల చాట ముందేసుకునేది.

మే నెలలో ఒక మధ్యాహ్నం, రేకులు కాలి ఇల్లంతా కుమ్మరి ఆవంలా కాలుతున్నప్పుడు, ఆమె చాట పక్కన పెట్టి, చేతులు కడుక్కొని వచ్చి బిడ్డ ఎదురుగా కూర్చుంది. ఫోన్‌ను నేల మీద హర్షిణికి కనపడేలా పెట్టింది. పసుపునాటి నుంచి మొదలుపెట్టింది. పిల్ల నుదురు మొదటిసారి కాలినప్పుడు తాను ఏ పని చేస్తోందో, గోలీ ఎట్లా ఇరిచిందో, పీటల మీద కూర్చున్నంతసేపూ కుర్చీలవైపు చూడకుండా ఎట్లా ఉన్నదో, అప్పగింతలప్పుడు అందరితో పాటు తానూ ఏడుస్తుంటే ‘చెల్లెమీద ఎంత పానమో’ అని ఎవరో అన్న మాట, అన్నీ చెప్పింది. ఫిట్స్ వచ్చిన పిల్లను ఎత్తుకొని తల్లిగారి ఊరు చేర్యాలలో బస్టాండు దాకా ఉరికింది చెప్పింది. డాక్టరు మాట చెప్పింది. ఫోన్ తప్పు రాసినచోట ఆగి, చెరిపి, మళ్లీ నెమ్మదిగా చెప్పింది. “తప్పయింది” అన్న మాట మాత్రం ఫోన్ ఒకేసారికి సరిగ్గా రాసింది.

హర్షిణి ఒక్క అక్షరం వదలకుండా చదివింది. చదవడం అయ్యాక ఒక్కటే అడిగింది.

“గప్పుడు నేను ఏడ్సిన్నా అమ్మా?”

బాలలక్ష్మి తల అడ్డంగా ఊపింది. తర్వాత ఫోన్ దగ్గరికి వంగి చెప్పింది.

“ఏడ్వలే బిడ్డా. ఒక్కసారి గూడ ఏడ్వలే. ఏడ్సినా బాగుండు, ఎత్తుకొని ఉరికేదాన్ని. పండుకో అంటే పండుకున్నవ్. శాలువ కప్పుకొని పిన్ని పెండ్లి సూసుకుంట పండుకున్నవ్. అంత మంచిదానివి నువ్వు.”

హర్షిణి అది రెండుసార్లు చదివింది. తర్వాత ఏడ్చింది. తన ఏడుపు ఎంత గట్టిగా ఉందో తెలియని ఏడుపు అది. కడుపులోంచి వచ్చి రేకులకు తగిలింది. గల్లీలో తలుపులు తెరుచుకున్నాయి. అంజవ్వ గడప దాకా వచ్చి, “ఏమైందే బాలలక్ష్మీ? పోరి ఎందుకేడుస్తుంది?” అని అడిగి, లోపల ఇద్దరినీ చూసి, ఇంకేమీ అడగకుండా తలుపు దగ్గరికి వేసి పోయింది.

బాలలక్ష్మి బిడ్డ పాదం మీద చేయి వేసింది. హర్షిణి పాదం లోపలికి ముడుచుకుంది. కాని లేచి లోపలి గదిలోకి పోలేదు. ఎండ వాకిలి దాటి గోడ ఎక్కేదాకా ఇద్దరూ అక్కడే, ఎదురెదురుగా, నేల మీద కూర్చొని ఉన్నారు.